మొలలు అనే ఒక్క మాట కింద ఎన్ని జబ్బులు

క్లుప్తంగా: మలద్వారం దగ్గర చేతికి తగిలే ప్రతి గడ్డనూ మొలలనే అనడం వాడుక. ఆ పేరు చాటున అరడజనుకు పైగా వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకదానికి పనికొచ్చే వైద్యం మరొకదాన్ని ముదరబెడుతుంది. నొప్పి ఉందా లేదా, కారేది రక్తమా చీమా, గడ్డ లేచి ఎన్నాళ్లయింది అన్న మూడు సంగతులతో చాలావరకు తేడా తెలిసిపోతుంది. జ్వరంతో కూడిన వాపు, పదే పదే పడే రక్తం, గట్టిగా తగిలే మానని పుండు ఉన్నప్పుడు ఆలస్యం పనికిరాదు.

పేరు చెప్పడం తేలిక, బాధ చెప్పడం కష్టం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలకు రోజూ రెండు భాషలతో పని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన నాటి నుంచి ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా అన్నట్టుగా సాగుతున్న ఈ జీవితం ఆసుపత్రి ఓపీలో మరో రూపం తీసుకుంటుంది. ఇంట్లో మొలలు లేదా మూలశంక అనే జబ్బు, ఒడియా డాక్టరు దగ్గర ‘అర్శ’ అవుతుంది, మందుల షాపులో ‘పైల్స్’ అవుతుంది. రెండో భాషలో బాధను వర్ణించడం కష్టం గనుక రోగి జబ్బు పేరే చెప్పి ఊరుకుంటాడు. చెప్పుకోవడానికి సిగ్గుపడే చోటు కావడంతో మాట ఇంకా కురచబడుతుంది. ఆడవారి విషయంలో భర్తో కొడుకో దుబాసీగా నిలబడితే సగం సంగతి గొంతులోనే ఆగిపోతుంది. రద్దీగా ఉన్న ఓపీలో రోగి చెప్పిన పేరే చీటీ మీదికి ఎక్కి, పరీక్ష లేకుండానే ఒక ట్యూబు ఆయింట్‌మెంటు, ఒక విరేచనాల పొడి చేతికి వస్తాయి.

తికమకకు అసలు మూలం ఇక్కడే ఉంది. వైద్యుడికి కావలసింది జబ్బు పేరు కాదు, లక్షణాలు. నొప్పిని ‘యంత్రణా’ అని, జ్వరాన్ని ‘జర’ అని చెప్పగలిగినా, చీము దగ్గర చాలామంది తడబడతారు. ఒడియాలో చీమును ‘పూజ’ అంటారు. డాక్టరు ‘పూజ వస్తోందా’ అని అడిగితే తెలుగు చెవికి అది మరోలా వినిపించడంలో వింతేమీ లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీదనే మొలలా, లేక చీము కారే సన్నని సొరంగమైన లూటీయా అన్నది తేలుతుంది.

నాలుగు సెంటీమీటర్ల దారి

మలద్వారం నుంచి లోపలికి సుమారు 4 సెంటీమీటర్ల పొడవున ఒక సన్నని దారి ఉంటుంది. దాని నడిమధ్యన రంపపు పళ్లలా కనిపించే గీత ఒకటి ఉంది. ఆ గీతకు పైన ఉన్నది పేగు జాతి పొర. అక్కడ గుచ్చినా నొప్పి తెలియదు. గీతకు కింద ఉన్నది చర్మం. అక్కడ చిన్న గీరుకైనా ప్రాణం విలవిల్లాడుతుంది. మొలలకు రబ్బరు బ్యాండు వేయడం మత్తు లేకుండా ఎందుకు సాధ్యమో, అదే బ్యాండు కొంచెం కిందికి జారితే రోగి ఎందుకు కేకలు పెడతాడో ఈ గీతే చెబుతుంది.

దారి చుట్టూ రెండు కండరాల కట్లు ఉంటాయి. లోపలి కట్టు మన ఇష్టంతో పని లేకుండా బిగిసి ఉంటుంది, బయటి కట్టును మనం బిగించగలం. గీత దగ్గరే చిన్న చిన్న గ్రంథుల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చీము గడ్డ పుట్టేది, దాని వెనుక లూటీ మొదలయ్యేది ఈ గ్రంథుల్లోనే.

అసలు మొలలు

మొలలు బయటి నుంచి వచ్చి మొలిచేవి కావు. లోపలి దారిలో మెత్తని దిండ్లలాంటి మూడు రక్తనాళాల కుచ్చులు పుట్టుకతోనే అందరికీ ఉంటాయి. గాలి, నీళ్ల విరేచనం బయటికి జారకుండా ఆపడంలో వీటి సాయం ఉంటుంది. ఏళ్ల తరబడి ముక్కడం, గట్టి మలం, కాన్పు, ఎక్కువసేపు మరుగుదొడ్లో కూర్చోవడం వంటి వాటితో ఈ దిండ్లను పట్టి ఉంచే పీచు సడలి, అవి ఉబ్బి కిందికి జారడమే మొలల జబ్బు. నొప్పి లేకుండా, మలం తర్వాత ఎర్రని రక్తం చుక్కలుగా పడటం దీని ముఖ్య లక్షణం. రక్తం మాత్రమే పడితే మొదటి దశ. ముక్కినప్పుడు జారి తనంతట తానే లోపలికి పోతే రెండోది. వేలితో నెట్టవలసి వస్తే మూడోది. ఎప్పుడూ బయటే ఉండిపోతే నాలుగోది.

వైద్యం ఈ దశను బట్టి మారుతుంది. మొదటి రెండు దశల్లో పీచు పదార్థం, నీళ్లు, ఇసబ్‌గోల్, మరుగుదొడ్లో గడిపే సమయం తగ్గించడం చాలామందికి సరిపోతాయి. చాలకపోతే మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. రక్తం అందక ఆ ముద్ద వారం పది రోజుల్లో రాలిపోతుంది, రాలే రోజున కాస్త రక్తం కనిపించడం మామూలే. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మూడో దశలోనూ బ్యాండు పనిచేసే సందర్భాలు ఉన్నాయి. బాగా పెద్దవైన మూడో దశ మొలలకు, నాలుగో దశకు కోత ఆపరేషనే చాలాకాలంగా నమ్మదగినదిగా నిలిచింది. మిల్లిగన్, మోర్గన్ 1937లో వివరించిన పద్ధతే కొద్దిపాటి మార్పులతో నేటికీ నడుస్తోంది. దీనిలో నొప్పి ఎక్కువ, తిరగబెట్టడం తక్కువ. స్టేప్లర్, లేజర్ పద్ధతుల్లో నొప్పి తక్కువ. అయితే స్టేప్లర్ తర్వాత మొల మళ్లీ జారే అవకాశం కోత కంటే ఎక్కువని తేలింది. గోడల మీద కనిపించే ‘లేజర్‌తో ఒక్కరోజులో శాశ్వత పరిష్కారం’ ప్రకటనల్లో ఈ లెక్క కనిపించదు.

రాత్రికి రాత్రే లేచిన కాయ

పొద్దున లేచేసరికి ద్వారం అంచున బఠాణీ గింజంతో ద్రాక్షపండంతో నీలంగా, గట్టిగా, విపరీతమైన నొప్పితో కాయ తగిలితే అది చర్మం కింది రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చినది కావచ్చు. బరువెత్తడం, గట్టిగా ముక్కడం, ఆగని దగ్గు దీనికి తరచుగా కారణాలు. నొప్పి మొదటి రెండు మూడు రోజులు తారస్థాయిలో ఉండి తర్వాత తగ్గుతుంది. కాయ ఒకటి రెండు వారాల్లో కరుగుతుంది. మొదటి 72 గంటల్లో వస్తే, నొప్పి భరించలేకుండా ఉంటే, స్థానిక మత్తులో దాన్ని తీసేయవచ్చు. ఆ గడువు దాటితే గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం, నొప్పి మాత్ర, విరేచనం సులువయ్యే మందే మేలు. కాయ కరిగాక అక్కడ వేలాడే చర్మపు మడత మిగలవచ్చు. దానివల్ల హాని లేదు. కడుక్కోవడానికి ఇబ్బందైతే తప్ప తీయించుకోనక్కరలేదు.

చీలికకు కాపలా ఉన్న బుడిపె

‘మొలలు, భరించలేని నొప్పి’ అని వచ్చేవారిలో చాలామందిది అసలు మొలలు కాదు, చీలిక. గట్టి మలం దిగేటప్పుడు కింది చర్మం చిరుగుతుంది. చిరుగు దాదాపు ఎప్పుడూ వెనుకవైపు, నడిమి గీత మీదనే ఉంటుంది. మలం దిగేటప్పుడు గాజుపెంకుతో కోసినట్టు, ఆ తర్వాత గంటల తరబడి మంట. ఆ నొప్పికి లోపలి కండరం బిగిసిపోతుంది, బిగింపుతో చీలికకు రక్తం అందడం తగ్గుతుంది, రక్తం అందని గాయం మానదు. నొప్పికి భయపడి రోగి మలం ఆపుకుంటాడు, ఆపుకున్న మలం ఇంకా గట్టిపడుతుంది. ఈ చక్రం ఆరేడు వారాలు తిరిగేసరికి చీలిక బయటి కొసన చర్మం ఉబ్బి చిన్న బుడిపె లేస్తుంది. రోగి చేతికి తగిలేది ఆ బుడిపే, అతడు మొల అనుకునేది దాన్నే.

కాబట్టి వైద్యం బుడిపెకు కాదు, బిగిసిన కండరానికి. డిల్టియాజెమ్ 2 శాతం లేదా నైట్రోగ్లిజరిన్ 0.2 శాతం లేపనం కొన్ని వారాలు రాస్తే కండరం సడలి చాలా చీలికలు మానుతాయి. నైట్రోగ్లిజరిన్‌తో తలనొప్పి రావడం సాధారణం. మానని పాత చీలికలకు లోపలి కండరంలో కొద్ది భాగాన్ని పక్కనుంచి కోసే ఆపరేషన్ పదింట తొమ్మిదికి పైగా కేసుల్లో పనిచేస్తుంది. కానీ కొద్దిమందికి గాలి అదుపు తప్పే ముప్పు ఉండటంతో, కాన్పుల్లో చిరుగులు పడిన స్త్రీల విషయంలో వైద్యులు ఆచితూచి అడుగేస్తారు. ఇక పక్కవైపు లేచిన చీలికలు, నొప్పి లేని చీలికలు కనిపిస్తే క్షయ, పేగు వాపు జబ్బు, సుఖవ్యాధి, క్యాన్సర్ వంటి వాటి కోసం వెదకాలి.

చీము గడ్డ, దాని తోక

ద్వారం పక్కన ఎర్రగా, వేడిగా, టపటపా కొట్టుకునే నొప్పితో వాపు లేచి, కూర్చోలేక ఒక పక్కకు ఒరిగి కూర్చునే మనిషిని చూస్తే అది చీము గడ్డ అని అనుభవం ఉన్న నర్సమ్మ గుమ్మం దగ్గరే గుర్తుపడుతుంది. ముందు చెప్పిన గ్రంథుల్లో ఒకటి మూసుకుపోయి, లోపల చేరిన చీము కండరాల సందుల్లోంచి చర్మం వైపు దారి చేసుకోవడమే ఇది. సెగగడ్డ అనుకుని పట్టీలు వేయడం, యాంటీబయాటిక్ మాత్రలతో పది రోజులు లాగడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. చీము గూడు కట్టిన చోటికి మాత్ర సరిగా చేరదు. కోసి చీము తీయడమే వైద్యం. చుట్టూ చర్మం ఎర్రబారి పాకుతున్నప్పుడు, షుగరు ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి యాంటీబయాటిక్‌లు తోడుగా ఇస్తారు. షుగరు అదుపులో లేని మనిషిలో ఈ గడ్డను నిర్లక్ష్యం చేస్తే కుళ్లు గంటల్లో వృషణాల సంచి దాకా పాకి ప్రాణం మీదికి రావచ్చు. చర్మం నల్లబడటం, దుర్వాసన, నొక్కితే కరకరమనే శబ్దం ఆ ప్రమాదానికి గుర్తులు. రాయగడలోనో గుణుపురంలోనో ఉన్నవారు అప్పుడు తెల్లవారే దాకా ఆగకూడదు.

చీము తీశాక గాయం మానినా కథ ముగియకపోవచ్చు. మూడింట ఒక వంతు నుంచి సగం మందిలో, లోపలి గ్రంథి నోటికీ బయటి చర్మానికీ మధ్య సన్నని సొరంగం మిగిలిపోతుంది. దీన్నే తెలుగులో లూటీ అని, శాస్త్రగ్రంథాల్లో భగందరం అని అంటారు. ద్వారం పక్కన చిన్న మొటిమ, దానిలోంచి అప్పుడప్పుడు చీము, లోగుడ్డకు మరక. మూసుకుంటే నొప్పి, తెరుచుకుంటే ఊరట. ఇలా నెలలు, ఏళ్లు గడుస్తాయి. మందులతో లూటీ మూసుకుపోవడం చాలా అరుదు. సొరంగం కండరాన్ని తక్కువగా దాటితే దాన్ని తెరిచి పరిచేస్తారు. కండరం ఎక్కువ భాగం చిక్కుకుని ఉంటే తెరిస్తే మలం అదుపు పోతుంది గనుక, ఎంఆర్ఐ తీసి దారి చూసుకుని, దారం వేయడమో, కండరాల మధ్యనే సొరంగాన్ని కట్టేయడమో చేస్తారు.

మన ప్రాంతంలో మరో మాట చేర్చక తప్పదు. రెండు మూడు నోళ్లున్న లూటీ, అంచులు పలచగా లోపలికి తొలిచినట్టున్న పుండు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే క్షయ అనుమానం రావాలి. సొరంగం నుంచి తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపకుండా పారేస్తే, క్షయ మందులతో నయమయ్యే జబ్బుకు కోత మీద కోత పడుతుంది.

దారం వైద్యం ఏమిటి

క్షారసూత్రం అనే ఆయుర్వేద పద్ధతి గురించి రెండు రకాల అతిశయోక్తులు వినిపిస్తాయి. కొందరికి అది సర్వరోగనివారిణి, మరికొందరికి మూఢనమ్మకం. దాని పనితీరు నిజానికి సూటిగా ఉంటుంది. నార దారానికి ముందు 11 పూతలు ఆకుజెముడు పాలు, తర్వాత 7 పూతలు ఆ పాలూ ఉత్తరేణి క్షారమూ, చివర 3 పూతలు ఆ పాలూ పసుపూ, మొత్తం 21 పూతలు ఒక్కొక్కటి ఆరబెడుతూ వేస్తారు. ఈ దారాన్ని సొరంగం గుండా దూర్చి ముడివేసి, వారానికోసారి కొత్తది మారుస్తారు. దారం కొద్దికొద్దిగా కోస్తూ పోతుంటే వెనుక గాయం మానుతూ వస్తుంది. కండరం ఒక్కసారిగా తెగి విడిపోదు. సుశ్రుత సంహితలో కనిపించే ఈ ఆలోచనను కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1960ల్లో పి.జె. దేశ్‌పాండే బృందం తిరిగి వాడుకలోకి తెచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి వివిధ కేంద్రాల్లో జరిపించి 1991లో ప్రచురించిన పోలికలో, గాయం మానడానికి దారానికి సగటున 8 వారాలు, శస్త్రచికిత్సకు 4 వారాలు పట్టాయి. ఏడాదిలో తిరగబెట్టడం మాత్రం దారంతో 4 శాతం, శస్త్రచికిత్సతో 11 శాతం. అంటే ఓపిక పట్టగలిగితే, డిగ్రీ ఉన్న ఆయుర్వేద శస్త్రవైద్యుడు వేస్తే, లూటీకి ఇది సబబైన దారి. మొలలకు, చీలికలకు ఇదే లెక్క వర్తించదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది, సంతల దగ్గర బోర్డు పెట్టి ‘ఆపరేషన్ లేకుండా’ సూదిమందు వేసే వ్యవహారం. మొలలకు సూది వేయడం ఆసుపత్రుల్లోనూ ఉంది. అక్కడ వాడేది మోతాదు తెలిసిన మందు, వేసేది నొప్పి తెలియని గీతకు పైన. అర్హత లేని చేతుల్లో ఏమిటో తెలియని ఘాటు ద్రావణం చర్మంలోకి, కండరంలోకి పోతే ఆ చోటు చచ్చి ఊడుతుంది, మచ్చతో ద్వారం చిటికెన వేలు పట్టనంతగా ముడుచుకుపోతుంది. అలాంటి ముడతను సరిచేయడం మొలల ఆపరేషన్ కన్నా చాలా పెద్ద పని.

తక్కిన గడ్డలు

పిల్లల్లో, ముసలివారిలో పేగే కిందికి జారి బయటికి రావచ్చు. మొలలైతే ముడతలు కిరణాల్లా విడివిడిగా ఉంటాయి, పేగు జారితే ఉంగరాల్లా ఒకదాని చుట్టూ ఒకటి కనిపిస్తాయి. కాలీఫ్లవర్‌లా గుంపుగా లేచే పులిపిర్లు హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తాయి, జీవిత భాగస్వామిని కూడా చూపించాలి. నడుము కింద పిరుదుల చీలిక పైభాగంలో వెంట్రుకలు గుచ్చుకుని లేచే చీము గడ్డ, లారీ డ్రైవర్ల వంటి ఎక్కువసేపు కూర్చునే యువకుల్లో కనిపిస్తుంది. అది మలద్వారంతో సంబంధం లేని వేరే జబ్బు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది క్యాన్సర్. పెద్దపేగు చివర లేచిన క్యాన్సర్ కూడా రక్తంతోనే మొదలవుతుంది. ‘మొలలే కదా’ అని ఆయింట్‌మెంటు రాస్తూ గడిపిన నెలలు ఆ తర్వాత తిరిగి రావు. మన దేశంలో ఈ క్యాన్సర్ నలభై ఏళ్ల లోపు వారిలోనూ కనిపిస్తుంది గనుక వయసు తక్కువన్న ధీమా చెల్లదు. రక్తంతో పాటు విరేచనం వేళలు మారడం, జిగురు పడటం, పూర్తిగా కాలేదనిపించడం, బరువు తగ్గడం, పాలిపోవడం ఉంటే కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అడగాలి. ద్వారం చర్మం మీదే లేచే క్యాన్సర్‌కు మొదటి వైద్యం సాధారణంగా కోత కాదు, రేడియేషన్‌తో కూడిన కీమోథెరపీ. దాన్ని మొల అనుకుని కోస్తే లెక్క తప్పుతుంది.

చోడి పోయి పాలిష్ బియ్యం వచ్చాక

కోరాపుట్, రాయగడ, గజపతి కొండ ఊళ్లలో మొన్నమొన్నటి దాకా చోడి (రాగి) అంబలి కడుపు నింపేది. ఎండు చోళ్లలో 100 గ్రాములకు సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములకు లోపే. పెద్దవారికి రోజుకు కావలసింది 25 నుంచి 30 గ్రాములు. చవక బియ్యం అలవాటయ్యాక ఆ లోటు కూరలతోనూ పప్పుతోనూ పూడ్చాలి, అది పూడటం లేదు. 2017లో మొదలైన ఒడిశా చిరుధాన్యాల కార్యక్రమం చోడిని తిరిగి చేలలోకి, రేషన్లోకి తెచ్చింది గానీ పట్నం వంటింట్లోకి ఇంకా పూర్తిగా రాలేదు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లినవారిది మరో కథ. 12 గంటల షిఫ్టు, మెస్సులో తెల్లన్నం, నీళ్లు తాగితే మగ్గం వదిలి వెళ్లాలన్న భయం, గదికి పది మందికి ఒక మరుగుదొడ్డి. సెలవుకు ఇంటికొచ్చేసరికి చీలిక పాతబడి ఉంటుంది. మరుగుదొడ్డి లేని ఇళ్లలో చీకటి పడేదాకా ఆపుకునే ఆడవారికీ ఇదే గతి.

పరీక్ష, కార్డు, రిపోర్టు

పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమంటారు. ముందు కంటితో చూసి, ఒకసారి ముక్కమంటారు. తర్వాత జెల్లీ రాసిన గ్లవు వేలితో లోపల గట్టిదనం ఉందేమో తడుముతారు. నొప్పి లేనట్టయితే జానెడు కూడా లేని గొట్టంతో లోపలి గోడ చూస్తారు. చీలిక అనిపించినప్పుడు ఆ రోజుకు వేలు పెట్టకుండా వదిలేయడమే మంచి వైద్యుడి లక్షణం. ఆడవారు పరీక్ష గదిలో మహిళా సిబ్బందిని ఉండమని అడగవచ్చు.

బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. రైలు సౌకర్యం చూసుకుని రాయగడ వైపువారు విశాఖకు, పర్లాకిమిడి వైపువారు పాతపట్నం మీదుగా శ్రీకాకుళానికి వెళ్లడం మామూలే. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చాక, అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, పథకంలో చేరిన ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యం రాష్ట్రం దాటినా అందుతుంది. ఆంధ్రప్రదేశ్ సొంత పథకం మాత్రం ఒడిశా రేషన్ కార్డుకు వర్తించదు. వెళ్లబోయే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో బయల్దేరే ముందే కనుక్కోవడం మంచిది.

ఆపరేషన్ ఎక్కడ జరిగినా తీసిన ముక్క బయాప్సీకి వెళ్లిందా అని డిశ్చార్జి రోజున అడగాలి. వారం పది రోజుల తర్వాత ఆ రిపోర్టు కోసం మళ్లీ రైలెక్కడం బరువనిపించి చాలామంది దాన్ని అక్కడే వదిలేస్తారు. క్షయో క్యాన్సరో ఉంటే బయటపడేది ఆ కాగితంలోనే.